ఏడువేలలో మూడు సున్నలు

కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశిల నడుమ, తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో ఏళాయిరంపన్నై అనే ఊరుంది. అగ్గిపెట్టెలకూ బాణసంచాకూ పేరుపడ్డ ప్రాంతం. నేల నల్లరేగడి, అక్కడివాళ్లు కరిసల్ అంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం నేర్చిన కుటుంబాలు ఈ కరిసల్ సీమలో తరతరాలుగా ఉన్నాయి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టి తమిళ కథకు కొత్త నుడికారం తెచ్చిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. 1799లో పాళెగాడు కట్టబొమ్మన పాంచాలంకురిచ్చితో పాటు ఈస్టిండియా కంపెనీ లాక్కున్న పాళెయాల్లో ఏళాయిరంపన్నై కూడా ఒకటి. అయితే ఇక్కడ నా దృష్టి ఊరి చరిత్ర మీద కాదు, పేరు మీద. తమిళంలో ‘ఏళ్’ అంటే ఏడు, ‘ఆయిరం’ అంటే వెయ్యి. ఊరి పేరులోనే ఒక సంఖ్య కూర్చుని ఉంది. అది కూర్చున్న తీరు గమనించండి: ముందు ఒక చిన్న అంకె, దాని వెనుక ఒక స్థానం పేరు. అంకె ఎంతో ఒక మాట, ఎన్నో స్థానంలో ఉందో ఇంకో మాట. భౌతికశాస్త్రం పుస్తకంలో 7×10³ అని కనిపించేది అచ్చంగా ఇదే. దాన్ని 7000 అని విప్పి రాయడాన్నే మన బడి లెక్కల్లో శాస్త్రీయ రూపం నుంచి సాధారణ దశాంశ రూపానికి మార్చడం అంటారు.

పిల్లలకు ఈ పాఠం ఎనిమిదో తరగతి ప్రాంతంలో ఎదురవుతుంది. ఘాతాంకం అన్న పెద్ద మాట, పది నెత్తిమీద చిన్న అంకె చూడగానే ఇదేదో పరాయి భాష అనిపిస్తుంది. నిజానికి నోటితో మనం చెప్పే లెక్కంతా శాస్త్రీయ రూపంలోనే ఉంది. ‘మూడు కోట్లు’ అన్నవాడు 3×10⁷ అంటున్నాడు. ‘రెండున్నర లక్షలు’ అన్న ఆమె 2.5×10⁵ అంటోంది. బడ్జెట్ వార్తల్లో రోజూ వినపడే ‘లక్ష కోట్లు’ అన్న మాటలో ఘాతాంకాల సూత్రమే దాగి ఉంది: లక్షకు 5 సున్నలు, కోటికి 7, కలిపితే 12, అంటే 10¹². ఘాతాంకాలు కూడుతున్నామని ఎవరూ అనుకోరు, కానీ చేస్తున్న పని అదే. పది నెత్తిమీద చిన్న అంకె వేసి రాసే పద్ధతిని 1637లో దెకార్త్ తన జ్యామితి పుస్తకంతో వ్యాప్తిలోకి తెచ్చాడు. స్థానాలకు పేర్లు పెట్టి పలికే పద్ధతి మనకు అంతకు ఎన్నో శతాబ్దాల ముందునుంచే ఉంది. అందుకే ఈ మార్పిడిని చుక్క జరిపే యాంత్రిక విద్యగా కాకుండా, పలికిన సంఖ్యను రాతలోకి దించే పనిగా చెబితే పిల్లలకు తేలిగ్గా ఎక్కుతుంది.

విధానం క్షణంలో చెప్పేయొచ్చు. ఘాతాంకం ధనమైతే దశాంశ బిందువును అన్ని స్థానాలు కుడికి జరపాలి, అంకెలు అయిపోతే సున్నలు పెట్టాలి. భూమి వయసు 4.54×10⁹ ఏళ్లు. బిందువు రెండు అంకెలు దాటాక ఇంకా ఏడు స్థానాలు మిగులుతాయి, అక్కడ ఏడు సున్నలు: 4,54,00,00,000. తెలుగులో అయితే ఇంకా సులువు. ఘాతాంకంలోంచి కోటి తాలూకు 7 తీసేయండి, 4.54×10² మిగులుతుంది, అంటే 454 కోట్ల ఏళ్లు. కాంతి ఏడాదిలో వెళ్లే దూరం 9.46×10¹² కిలోమీటర్లు. పన్నెండు అంటే లక్ష కోట్లని ఇప్పుడే అనుకున్నాం కదా, కాబట్టి 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. మిలియన్, బిలియన్ల మెట్లెక్కి మళ్లీ కోట్లలోకి దిగనక్కర్లేదు.

ఘాతాంకం రుణమైనప్పుడే చెయ్యి జారుతుంది. దీనికి ఏళాయిరంపన్నై చుట్టుపక్కల తయారయ్యే సరుకే మంచి ఉదాహరణ. పేలినచోటి నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటే చప్పుడు చేసే టపాకాయను మన దేశంలో తయారు చేయకూడదు, అమ్మకూడదు. ఆ డెసిబెల్ లెక్క మొదలయ్యే చోటు మనిషి చెవికి వినపడీ వినపడని చప్పుడు. గాలిలో దాని ఒత్తిడి 2×10⁻⁵ పాస్కల్. విప్పి రాస్తే 0.00002. ఘాతాంకం అయిదు కదా అని బిందువు పక్కన అయిదు సున్నలు పెట్టి ఆపైన 2 వేసేవాళ్లు చాలామంది. అది తప్పు. 2 కూర్చోవలసింది బిందువు తర్వాత అయిదో గదిలో, కాబట్టి దాని ముందు సున్నలు నాలుగే. ఒక్క సున్న ఎక్కువైతే విలువ పదోవంతుకు పడిపోతుంది. ఇప్పుడు 125 డెసిబెల్స్‌ను ఒత్తిడిలోకి మారిస్తే సుమారు 35 పాస్కల్స్ వస్తుంది. వినపడీ వినపడని చప్పుడుకు ఇది దాదాపు 18 లక్షల రెట్లు. అయినా మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి 1.01325×10⁵ పాస్కల్స్, అంటే 1,01,325. చెవులు గింగురుమనిపించే టపాకాయ చప్పుడు ఆ గాలి ఒత్తిడిలో సుమారు మూడువేలవ వంతే. 0.00002, 35, 1,01,325 పక్కపక్కన పెట్టి చూస్తే చెవి ఎంత సున్నితమైన పనిముట్టో అర్థమవుతుంది. ఘాతాంకాల్లో ఉండగా కనిపించని పోలిక విప్పి రాస్తే కళ్లకు కడుతుంది. ఈ మార్పిడి అవసరమా అని అడిగేవారికి ఇదొక్కటే చాలిన జవాబు.

ఇంతవరకూ పేచీ లేదు. పేచీ ఆ సున్నల దగ్గర మొదలవుతుంది. అగ్గిపెట్టెల వ్యాపారంలో 600 పెట్టెలను ఒక బండిల్ అంటారు. పెట్టెకు 50 పుల్లలు అనుకుంటే బండిల్‌లో 30,000 పుల్లలు, అంటే 3×10⁴. ఇందులో 600 అనేది లెక్కపెట్టి కట్టిన సంఖ్య, దానిలో ఉన్న రెండు సున్నలూ నిజమైన సున్నలే. 50 మాత్రం రమారమి. సగటున పెట్టెకు ఒక పుల్ల అటో ఇటో అయితే మొత్తం 29,400 నుంచి 30,600 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే 30,000లోని చివరి మూడు సున్నలు ఎవరూ లెక్కపెట్టి తెచ్చినవి కావు, ఖాళీ గదులు నింపడానికి పెట్టినవి. శాస్త్రీయ రూపంలో ఈ తేడా దాగదు. 3×10⁴ అంటే ఒక్క అంకె మాత్రమే నమ్మకంగా తెలుసని అర్థం. 3.0000×10⁴ అంటే చివరి పుల్ల దాకా లెక్కపెట్టాను అని చెప్పడం. మనం ఈ రెంటినీ సాధారణ రూపంలోకి మారిస్తే రెండూ 30,000 అవుతాయి. రెండు వేర్వేరు మాటలు ఒకే రూపంలో కలిసిపోయాయి. నేను చెప్పదలచిందంతా ఇక్కడుంది. ఈ మార్పిడిలో విలువ మారదని పాఠం చెబుతుంది, నిజమే. కానీ ఆ విలువ మనకు ఎంతవరకు తెలుసన్న కబురు దారిలో రాలిపోతుంది. లెక్కించిన సున్న, నింపిన సున్న చూపుకు ఒకేలా ఉంటాయి. వాటిని వేరుచేసి గుర్తుపెట్టుకునే బాధ్యత మార్చేవాడి మీద పడుతుంది.

సున్నలు సున్నలే కదా, ఇంత పట్టింపు దేనికి అంటారా? అవగాడ్రో సంఖ్యను చూడండి. అగ్గిపుల్ల తలలో వాడే పొటాషియం క్లోరేట్ దాదాపు 122.5 గ్రాములు తూచి పెడితే, అందులో ఆ పదార్థపు మూల ఘటకాలు అవగాడ్రో సంఖ్య అన్ని ఉంటాయి. 2014 సవరణలో ఆ సంఖ్య విలువ 6.022140857×10²³. అది కొలిచి తెచ్చిన విలువ, చివరి రెండు అంకెల్లో అనుమానం ఉండేది. విప్పి రాస్తే వచ్చే 14 సున్నలూ నింపినవే. 2019 మే 20న పరిస్థితి మారింది. కిలోగ్రాముతో పాటు మోల్‌కూ కొత్త నిర్వచనం అమల్లోకి వచ్చి, అవగాడ్రో సంఖ్యను సరిగ్గా 6.02214076×10²³ అని నిర్ణయించేశారు. ఇప్పుడు దాన్ని విప్పితే 602214076 పక్కన 15 సున్నలు వస్తాయి, ఆ పదిహేనూ నిజమైన సున్నలు. ముందురోజు రాత్రి వరకూ ‘మాకు తెలియదు’ అని పలికిన గదులు తెల్లారేసరికి ‘సరిగ్గా సున్న’ అని పలికాయి. కాగితం మీద సున్న ఆకారం మాత్రం మారలేదు. ఆ సంఖ్యలో ఉన్నవి 24 అంకెలు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో ఏకం మొదలుకొని సరిగ్గా 24 స్థానాలకే పేర్లు పెట్టాడు. ఇరవైనాలుగోది మహాక్షోభ, అంటే 10²³. ఆయన లెక్కలో చెబితే అవగాడ్రో సంఖ్య ఆరు మహాక్షోభల పైచిలుకు. ఇది కాకతాళీయమే, అయినా తలచుకున్నప్పుడల్లా సంతోషం కలుగుతుంది.

దీనికి ఎదురు చెప్పేవారి మాటలో బలం ఉంది. కోట్లలో ఉన్న సంఖ్యకు చివరి అంకెలతో పనేమిటి? భూమి వయసు 454 కోట్ల ఏళ్లా, 454 కోట్ల మీద 12 ఏళ్లా అని ఎవరైనా అడుగుతారా? కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లని 1983లోనే కచ్చితంగా నిర్ణయించినా, బడిలో 3×10⁸ అనే కదా లెక్కలు చేయిస్తారు? ఒప్పుకోవలసిందే. సంఖ్య పరిమాణాన్ని చెబుతున్నప్పుడు, అంటే ఎంత దూరం, ఎంత బరువు, ఎంత కాలం అన్నప్పుడు, ముందున్న అంకెలే ప్రాణం, తోకకు పెద్ద విలువ లేదు. కానీ మన చేతిలో ఉన్న సంఖ్యలన్నీ పరిమాణాలు కావు. ఆధార్ నంబరు ఏ పరిమాణాన్నీ చెప్పదు. పీఎఫ్ ఖాతాకు ఇచ్చే పన్నెండంకెల యూఏఎన్ కూడా అంతే. మీ ఆధార్ నా ఆధార్ కన్నా పెద్దది అంటే దానికి అర్థం లేదు. అవి అంకెల్లో రాసిన పేర్లు. పేరులో చివరి అక్షరం ఎంత ముఖ్యమో వాటిలో చివరి అంకె అంతే ముఖ్యం. అలాంటి సంఖ్య పొరపాటున శాస్త్రీయ రూపంలోకి వెళ్లి తిరిగొస్తే ఏమవుతుందో కాస్త దగ్గరగా చూద్దాం.

ఇది ప్రయోగశాలలో జరిగే సంగతి కాదు. ఏ అగ్గిపెట్టెల యూనిట్‌లోనో, బాణసంచా కార్ఖానాలోనో, ఊరి ఇ-సేవై కేంద్రంలోనో కూర్చుని ఎక్సెల్‌లో పేర్ల పట్టీ తయారు చేస్తున్న మనిషిని ఊహించండి. ఒక గడిలో 123456789012 అని కొట్టి ఎంటర్ నొక్కగానే తెర మీద 1.23457ఈ+11 అని కనిపిస్తుంది. (ఆధార్ ఒకటితో మొదలవదు, కాబట్టి ఈ నంబరు ఎవరిదీ కాదు.) మామూలు గడిలో పదకొండు అంకెలు దాటగానే ఎక్సెల్ దాన్ని పరిమాణంగా భావించి శాస్త్రీయ రూపంలో చూపిస్తుంది. ఆ ‘ఈ’ అక్షరం 1950ల నాటి కంప్యూటర్ భాష ఫోర్‌ట్రాన్ నుంచి వచ్చింది. పది నెత్తిమీద చిన్న అంకె అచ్చువేయడం ఆనాటి యంత్రాలకు రాదు గనక, ‘పది ఘాతం’ అనడానికి ఒక అక్షరం పెట్టుకున్నారు. మన పాఠం ప్రకారం 1.23457ఈ+11ను విప్పితే బిందువు 11 స్థానాలు కుడికి జరిగి 123457000000 వస్తుంది. లెక్క నూటికి నూరుపాళ్లు సరైనదే, కానీ మనిషి మారిపోయాడు. పట్టీలో తర్వాతి వరసలో 123456812345 ఉందనుకోండి, దాని శాస్త్రీయ రూపం కూడా 1.23457ఈ+11. విప్పితే మళ్లీ అదే 123457000000. ఇద్దరు కార్మికులు ఒకే నంబరు కింద కలిసిపోయారు. ఎవరి జమ ఎవరిదో ఆ కాగితాన్ని బట్టి తేల్చే దారి లేదు.

కంప్యూటర్ తెలిసినవారు ఇక్కడ అడ్డుపడతారు. అది తెర మీద కనిపించే రూపమే, లోపల అసలు సంఖ్య భద్రంగా ఉంటుంది, గడిని ‘నంబర్’ ఫార్మాట్‌లోకి మారిస్తే పన్నెండు అంకెలూ తిరిగి వస్తాయి అంటారు. నిజమే, కానీ రెండు హద్దుల లోపలే. మొదటిది, ఎక్సెల్ దాచుకునేది పదిహేను సార్థక అంకెలు మాత్రమే. పదహారంకెల కార్డు నంబరు కొడితే చివరి అంకె అప్పటికప్పుడే సున్న అయిపోతుంది, ఏ ఫార్మాట్ మార్చినా తిరిగి రాదు. రెండోది ఇంకా ప్రమాదకరం. అదే పట్టీని సీఎస్‌వీ ఫైలుగా దాచి ఇంకొకరికి పంపితే, తెర మీద కనిపించిన 1.23457ఈ+11 అన్న ముక్కే అందులోకి వెళుతుంది. అందుకున్నవారి దగ్గర విప్పడానికి మిగిలింది ఆరు అంకెలే. సున్నలు నింపగలరు గానీ రాలిపోయిన అంకెలను తేలేరు. ఇది చదువు లేనివారి పొరపాటు అనుకోవడానికీ వీల్లేదు. జన్యుశాస్త్ర పరిశోధకులు 2310009ఈ13 లాంటి గుర్తింపు సంకేతాలు వాడతారు. మధ్యలో ఉన్న ‘ఈ’ని ఘాతాంకం గుర్తుగా భ్రమించి ఎక్సెల్ దాన్ని 2.31ఈ+19గా మార్చేస్తోందని, ఒకసారి మారితే వెనక్కు రాదని 2004లోనే శాస్త్ర పత్రికలో హెచ్చరించారు. తారీఖులుగా మారిపోతున్న జన్యువుల పేర్ల బెడద ఇంకా పెద్దది. చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చుకోవలసి వచ్చింది. ఆ పనిలో తలపండిన వారికే ఇలా జరిగితే, రోజుకు వంద పేర్లు ఎక్కించే గుమస్తాను తప్పుపట్టడం అన్యాయం. గడిలో అంకెలు కొట్టకముందే ఆ వరసను ‘టెక్స్ట్’గా మార్చాలని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. ఆ చిన్న పనితో ఈ గొడవంతా తప్పుతుంది.

మరయితే శాస్త్రీయ రూపమే చెడ్డదా అంటే, కాదు. చేతనైనంత నిజం చెప్పే రూపం అదే. నాకు తెలిసింది ఇన్ని అంకెలు, స్థానం ఇది అని రెంటినీ విడివిడిగా చెబుతుంది. తెలిసినదానికన్నా ఎక్కువ తెలిసినట్టు కనిపించేది సాధారణ రూపమే. 4,54,00,00,000 అని రాసి చూడండి, భూమి పుట్టినరోజు ఎవరో డైరీలో రాసి పెట్టుకున్నట్టు ఉంటుంది. చిక్కు రూపంలో లేదు, పరిమాణానికి పనికొచ్చే రూపాన్ని పేరుకు తొడగడంలో ఉంది. బడిలో ఈ పాఠానికి ఇచ్చే లెక్కల్లో ‘క్రింది వానిని సాధారణ రూపంలో రాయండి’ అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. సున్నలు సరిపోతే మార్కులు వేస్తారు. ఆ సున్నల్లో ఏవి తెలిసినవి, ఏవి నింపినవి అన్న ప్రశ్న ఇంటర్‌లో భౌతికశాస్త్రం తీసుకున్న పిల్లల దాకా రాదు, వచ్చినా సార్థక అంకెలన్న వేరే పాఠంగా వస్తుంది. ఈ రెండూ ఒకే పాఠం కావాలి. ఎనిమిదో తరగతితో చదువు ఆపి పద్దులు రాసే పనిలో చేరే పిల్లకు కూడా ఈ ప్రశ్న తెలిసి ఉండాలి. ఎందుకంటే ఆ అంకెలు కొట్టేది ఆమె చేతులే.

అంకె పోకుండా కాపాడటం ఎలాగో చూపే చక్కని ఉదాహరణ తెలుగులోనే ఉంది. మహావీరాచార్యుడి గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా దానికి పేరు. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒకటి, తర్వాతి దానిలో రెండు, ఆపై నాలుగు, ఇలా రెట్టింపు చేస్తూ 64 గడులూ నింపితే మొత్తం ఎంత అన్న లెక్కకు ఆయన గణితంలోదిగా పండితులు చెప్పే పద్యంలో జవాబుంది. 18446744073709551615. ఇరవై అంకెలు. పద్యంలో అంకెలుండవు, అంకెకు బదులు మాట ఉంటుంది. మన్మథుడి బాణాలు అయిదు గనక బాణమంటే 5, చంద్రుడు ఒక్కడే గనక 1, ఆకాశమంటే శూన్యం గనక 0. ఛందస్సు ఆ మాటలను కట్టిపడేస్తుంది. ఒక అంకె రాలిపోతే గణం చెడుతుంది, చదివేవాడి నాలుకే పట్టేస్తుంది. ఈ రోజు ఎక్సెల్ గడిలో రెండును 64 సార్లు గుణించి ఒకటి తీసేస్తే 1.84467ఈ+19 అని చూపిస్తుంది. సాధారణ రూపంలోకి మార్చమంటే 18446744073709600000 అంటుంది. అందులోని చివరి అయిదు సున్నల్లో ఒక్కటీ అసలు సంఖ్యలో లేదు. పాతకాలపు ఆనవాయితీ ప్రకారం అంకెలను ఒకట్ల స్థానం నుంచి ఎడమకు చెప్పుకుంటూ పోతారు, ఆ పద్యమూ అలాగే నడుస్తుంది. శాస్త్రీయ రూపం అన్నిటికన్నా ముందు వదిలేసే ఒకట్ల స్థానపు 5 ఆ పద్యంలో మొట్టమొదటి మాట.